సెట్ స్క్వేర్లకే ఎక్కువ మార్కులు: ఒక జామెట్రీ బాక్స్ సంగతి

ఇంటి దగ్గర ఏడో తరగతి పిల్లలకు ట్యూషన్ చెబుతాను. రేఖలు, కోణాల పాఠం వచ్చేసరికి సగం మంది దగ్గర ప్రొట్రాక్టర్ ఉండదు, ఉన్నా దాని మీద అంకెలు చెరిగిపోయి ఉంటాయి. అందుకే ఈసారి నేనే 130 రూపాయలు పెట్టి ఈ రేకు డబ్బా తెచ్చి మధ్యలో పెట్టాను.

ప్రొట్రాక్టర్ మందంగా, నున్నగా ఉంది. లోపలి అంకెలు ఎరుపు, బయటివి నలుపు. దీంతో "టీచర్, డెబ్బయ్యా, నూట పదా?" అనే గోల చాలా తగ్గింది. అసలు ఆ గోలలోనే పాఠం ఉంది. ఒక వరుసలో 70 ఉన్న గీత దగ్గరే రెండో వరుసలో 110 ఉంటుంది, 40 దగ్గర 140. ఏ గీత దగ్గర కూడినా 180. రేఖీయ ద్వయాన్ని, అంటే ఒక సరళరేఖ మీద పక్కపక్కనే ఉండి 180 డిగ్రీలయ్యే కోణాల జతను, అచ్చేసి చేతికిచ్చినట్టే. ఒక్కటే చిక్కు, సున్నా గీత అంచుకు కాస్త పైన ఉంది. పిల్లలు అంచునే కోణం గీతకు (భుజానికి) ఆనించేస్తారు, కొలత తప్పుతుంది. పక్కన కూర్చుని సరిచేయాల్సిందే.

సెట్ స్క్వేర్లు, అంటే ఆ రెండు త్రికోణపు ముక్కలు, డబ్బా నింపడానికే ఇస్తారని చాలామంది అనుకుంటారు. నాకు మాత్రం వీటితోనే ఎక్కువ పని పడింది. ఒకదాని 45 మూలనూ, రెండోదాని 30 మూలనూ ఒకే చుక్క దగ్గర పక్కపక్కన ఆనిస్తే అవి ఆసన్న (పక్కపక్క) కోణాలు, మొత్తం 75 డిగ్రీలు. అదే 30ని 45 మీదికి జరిపి, ఒక అంచు కలిసేలా పెడితే? శీర్షం (భుజాలు కలిసే చుక్క) ఉమ్మడే, ఒక భుజమూ ఉమ్మడే, కానీ ఆసన్న కోణాలు కావు. చిన్నది పెద్దదాని కడుపులో ఉంది మరి. మిగతా రెండు భుజాలూ ఉమ్మడి భుజానికి చెరో పక్కన ఉండాలి. బోర్డు మీద ఎంత గీసినా "శీర్షం ఒకటే కదా టీచర్" అని వాదించేవాళ్లు, ఈ పారదర్శకమైన ముక్కల్ని ఒకదాని మీద ఒకటి చూశాక ఇంక నోరెత్తలేదు. రెండింటి లంబకోణాలనూ ఆనించి కింద స్కేలు పెట్టి చూశాను, ఎక్కడా సందు లేదు. అంటే మూలలు సరిగ్గానే కోశారు.

కంపాస్ మాత్రం దండగ. పెన్సిల్ ఎంత బిగించినా జారుతుంది, వృత్తం మొదలైన చోటికి వచ్చి కలవదు. డివైడర్, స్కేలు ఫర్వాలేదు. కోణాల పాఠానికైతే నిశ్చింతగా కొనండి, నిర్మాణాల పాఠానికి కంపాస్ విడిగా తీసుకోండి. అయిదుకి మూడున్నర.