సైట్ ఆఫీసా, సీనియర్ ఛాంబరా, లా ఫర్మా?

"అన్నా, కన్‌స్ట్రక్షన్ ఆర్బిట్రేషన్‌లోకి రావాలనుంది, ముందు ఎక్కడ చేరమంటారు?" ఎల్‌ఎల్‌బీ చివరి ఏడాది పిల్లలు నెలకు ఇద్దరు ముగ్గురైనా ఇదే అడుగుతున్నారు. నిర్మాణ పనుల గొడవలను కోర్టు బయట మధ్యవర్తుల ముందు తేల్చుకునే రంగం ఇది. ఫోన్లో చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది, అందుకే రాస్తున్నాను. నేను ఒక కాంట్రాక్టు కంపెనీలో నాలుగేళ్లు ఉండి, తర్వాత ఒక సీనియర్ లాయరు ఆఫీసులో, అంటే ఛాంబర్‌లో, చేరినవాణ్ని. కాబట్టి నా మొగ్గు ఎటో మీకు తెలిసిపోతుంది, దాచను.

లా ఫర్మ్ ప్రాజెక్ట్స్ టీమ్‌లో జీతం మొదటి నెల నుంచే బాగుంటుంది. కన్సెషన్ అగ్రిమెంట్లు (రోడ్డు లాంటివి కట్టి నడిపే హక్కు ఇచ్చే ఒప్పందాలు), బ్యాంకు రుణ పత్రాలు, డ్యూ డిలిజెన్స్ (సంతకాలకు ముందు కాగితాల తనిఖీ), ఇదీ పని. హ్యామ్ (హైబ్రిడ్ యాన్యుటీ మోడల్) రోడ్డు అంటే ఖర్చులో 40 శాతం పని జరుగుతుండగా ప్రభుత్వం ఇస్తుంది, మిగతాది రోడ్డు పూర్తయ్యాక ఏళ్ల తరబడి యాన్యుటీలుగా, అంటే వాయిదాలుగా వస్తుంది. ఆ సొమ్ము ఎస్క్రో ఖాతాలోంచి (షరతుల ప్రకారమే డబ్బు బయటికి వదిలే బ్యాంకు ఖాతా) ముందు ఎవరికి, తర్వాత ఎవరికి పోవాలో తేల్చే కాగితాలు వీళ్ల చేతిలో తయారవుతాయి. అయితే జాతీయ రహదారుల సంస్థ మోడల్ అగ్రిమెంట్‌లో కామా కూడా కదపనివ్వరు. పైగా సంతకాలయ్యాక ఫైలు బీరువాలోకి పోతుంది. గొడవలు మొదలయ్యేది ఆ తర్వాతే.

ఛాంబర్‌కి వెళ్తే గొడవలే గొడవలు. మనకు రావాల్సింది ఇదీ అని క్లెయిమ్ స్టేట్‌మెంట్ రాయడం, సాక్షిని తయారు చేయడం, అవార్డు (మధ్యవర్తుల తీర్పు) వచ్చాక దాన్ని కొట్టేయమని ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 34 కింద కోర్టుకెళ్లడానికి మూడు నెలల గడువు దాటకుండా పరుగెత్తడం. హైదరాబాద్‌లో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ సెంటర్ 2021లో మొదలైంది గానీ, ప్రభుత్వ పనుల కేసులు ఎక్కువగా ఏదో హోటల్ హాల్లో, ఒక రిటైర్డ్ జడ్జి, ఒకరిద్దరు రిటైర్డ్ చీఫ్ ఇంజినీర్ల ముందు నడుస్తుంటాయి. జూనియర్‌కి ఇంతకన్నా మంచి బడి లేదు. మొదటి రెండేళ్లు మాత్రం ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోవాల్సి రావచ్చు.

ఇక నా లెక్కలో అసలు విషయం. ఒక రోడ్డు పని కేసు చెబుతాను. భూమి అప్పగించడమే పద్నాలుగు నెలలు ఆలస్యం. యంత్రాలు, మనుషులు ఖాళీగా ఉన్నందుకు ఐడిల్ ఛార్జీలు, ఓవర్‌హెడ్స్ కలిపి పెద్ద క్లెయిమ్ వేశాం. ఆలస్యం వల్ల పోయిన ఓవర్‌హెడ్స్ లెక్కగట్టే హడ్సన్ ఫార్ములాతో కట్టిన పట్టిక చూడముచ్చటగా వచ్చింది. మా ప్రాజెక్టు మేనేజర్ సాక్షి. అవతలి లాయరు ఆయన చేతికి ఒకే ఒక్క కాగితం ఇచ్చారు. గడువు పొడిగించమని మావాళ్లు రాసిన ఉత్తరం. చివరి పేరాలో, పొడిగించిన కాలానికి అదనంగా ఒక్క రూపాయి అడగబోమని హామీ.

"ఈ సంతకం మీదేనా?"

"నాదే సార్. అలా రాస్తేనే ఎక్స్‌టెన్షన్ ఇస్తామన్నారు."

"అలా అన్నారని అప్పట్లో ఎక్కడైనా రాసి పెట్టారా?"

ఆయన నా వైపు చూశారు. నేను ఫైలు తిరగేస్తున్నట్టు నటించాను.

బలవంతంగా రాయించుకున్న హామీ చెల్లదని వాదించడానికి తీర్పులున్నాయి. కానీ ఒత్తిడి చేశారని ఐదేళ్ల తర్వాత నోటితో అంటే సరిపోదు, ఆధారం కావాలి. సంతకం పెట్టిన వారంలోనే "హక్కులు వదులుకోవడం లేదు" అని రెండు లైన్ల ఉత్తరం పోయుంటే ఆ రోజు మేం అంత చెమటలు కక్కేవాళ్లం కాదు. ఆ రెండు లైన్లు ఛాంబర్‌లో కూర్చున్నవాడు రాయలేడు. ఆ ఉత్తరం ప్రింటర్‌లోంచి వస్తున్నప్పుడు పక్కన నిలబడ్డవాడే రాయగలడు.

అందుకే నా ఓటు కంపెనీ కాంట్రాక్ట్స్ విభాగానికి. హిండ్రెన్స్ రిజిస్టర్‌లో (పనికి వచ్చిన అడ్డంకులు రాసే పుస్తకం) ఏ తేదీన ఏం రాశారు, దాని మీద డిపార్ట్‌మెంట్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) సంతకం ఉందా, ఎం-బుక్ (కొలతల పుస్తకం) కొలతకీ ఆర్‌ఏ బిల్లుకీ (పని నడుస్తుండగా పెట్టే బిల్లు) తేడా ఎందుకొచ్చింది, ఇవన్నీ అక్కడే కళ్లకు కనబడతాయి. 1999 ఫిడిక్ ఒప్పందంలో (అంతర్జాతీయంగా వాడే నిర్మాణ ఒప్పందం నమూనా) క్లెయిమ్‌కి దారితీసే సంగతి తెలిసిన 28 రోజుల్లోగా నోటీసు ఇవ్వాలని ఉంటుంది. క్లాజు చదవడం ఎవరికైనా వస్తుంది. "రేపు బిల్లు కోసం ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) గారి దగ్గరికే వెళ్లాలి కదండీ, ఇవాళ లెటర్ పెడితే ఏమనుకుంటారో" అనే మన సైట్ ఇంజినీరు చేత ఆ నోటీసు పంపించడమే విద్య.

పెద్ద కేసులు కూడా చివరికి కాగితాల మీదే తిరుగుతాయి. ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ మెట్రో వివాదంలో 2017లో సుమారు 2,782 కోట్ల అవార్డు వచ్చింది. 2021లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. 2024 ఏప్రిల్‌లో అదే కోర్టు క్యూరేటివ్ పిటిషన్‌లో (తన తీర్పును తానే సరిదిద్దుకునే చివరి అవకాశం) ఆ అవార్డును కొట్టేసింది. మెట్రో భద్రతా కమిషనర్ ఇచ్చిన సర్టిఫికెట్‌ను ట్రిబ్యునల్ (మధ్యవర్తుల బృందం) పట్టించుకోకపోవడం అందుకు ఒక ముఖ్య కారణం.

"ప్రభుత్వ కాంట్రాక్టుల్లో వివాదం 10 కోట్లు దాటితే ఆర్బిట్రేషన్ క్లాజు మామూలుగా పెట్టొద్దని 2024 జూన్‌లో కేంద్ర ఆర్థిక శాఖే చెప్పింది కదా, మరి ఈ ఫీల్డు ఉంటుందా?" అని కూడా అడుగుతున్నారు. గొడవ కమర్షియల్ కోర్టుకో మీడియేషన్‌కో పోతుంది, అంతేగా. అక్కడా తెరిచేది ఆ రిజిస్టరే.

కంపెనీ దారిలో ఒక పెద్ద చిక్కుంది. పూర్తికాలం జీతం తీసుకుంటే బార్ కౌన్సిల్ రూల్ 49 ప్రకారం ప్రాక్టీసు ఆపేయాలి. ఆ ఏళ్లు మీ ప్రాక్టీసులో కలవవు. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు తేల్చేసింది కాబట్టి, ఆ ఆశ ఉన్నవాళ్లు నా మాట వినకండి, నేరుగా ఛాంబర్‌కి వెళ్లండి.

ప్రభుత్వ సంస్థల స్టాండింగ్ కౌన్సిల్ (ఆ సంస్థ తరఫున కేసులు చూసే లాయరు) పని ఫ్రెషర్‌కి దక్కేది కాదు. క్లెయిమ్‌లు లెక్కగట్టి తయారు చేసిపెట్టే క్లెయిమ్స్ కన్సల్టెన్సీలు ఇంజినీరింగ్ చదివి లా చేసినవాళ్లకు నప్పుతాయి. సింగపూర్ ఎల్‌ఎల్‌ఎం అంటారా, అప్పు చేసి మాత్రం వద్దు.

కంపెనీలో రెండేళ్లు, మహా అయితే మూడు. ప్రమోషన్ ఆశతో నేను నాలుగో ఏడు కూడా ఉండిపోయాను. ఛాంబర్‌లో చేరిన రోజు నా కుర్చీ చూపించిన కుర్రాడు నాకన్నా ఐదేళ్లు చిన్న. క్రాస్ ఎగ్జామినేషన్ అతని వెనక కూర్చునే నేర్చుకున్నాను. హిండ్రెన్స్ రిజిస్టర్ వచ్చినప్పుడు మాత్రం అతను కుర్చీ జరుపుకుని నా బల్ల దగ్గరికి వచ్చేవాడు.