వాలెన్సియాలో నాలుగు వారాలు, పిల్లలకి అక్కడి సమ్మర్ స్కూల్

పిల్లల్ని వేసవిలో స్పెయిన్‌లోని వాలెన్సియాకి తీసుకెళ్లి అక్కడి స్కూల్లో వేద్దామనుకుంటే మన హైదరాబాద్ వాళ్లకి ముందు అడ్డొచ్చేది సెలవుల లెక్కే. మనకి ఏప్రిల్ చివర్లో సెలవులిచ్చి జూన్ రెండో వారానికల్లా స్కూళ్లు తెరిచేస్తారు, అక్కడ స్కూళ్లు మూసేదే జూన్ మూడో వారం ప్రాంతంలో. కూకట్‌పల్లిలో మా పిల్లల ప్రిన్సిపాల్ మేడమ్‌ని ముందే కలిసి బతిమాలుకున్నాం, తప్పిన పాఠాలు మేమే చెప్పుకుంటామంటే ఒప్పుకున్నారు.

వీసాకి ఒక ఏజెంట్‌ని నమ్మి మూడు వారాలు పోగొట్టుకున్నాం. ఎప్పుడు ఫోన్ చేసినా "అపాయింట్‌మెంట్ లేదండీ" అనేవాడు, చివరికి రాత్రిళ్లు కూర్చుని మేమే బుక్ చేసుకున్నాం. స్పెయిన్‌తో పాటు చాలా యూరప్ దేశాలకి ఒకటే వీసా, షెంగెన్ అంటారు, దాని ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు, ఆరేళ్ల నుంచి పన్నెండు లోపు పిల్లలకి 45. ఆరు నెలల ముందు నుంచే అప్లై చేసుకోవచ్చు, ఆ టెన్షన్ మీరు పడకండి.

మొదటి వారం పాత ఊళ్లో, ఎల్ కార్మెన్‌లో దిగాం. చూడ్డానికి ఎంత బాగుంటుందో రాత్రి నిద్రకి అంత కష్టం, రెండు దాకా కింద వీధిలో కబుర్లే. తర్వాత బెనిమాక్లెట్‌కి మారాం, అదొకప్పుడు వేరే పల్లెటూరట, ఇప్పటికీ చిన్న చిన్న ఇళ్లు, మధ్యలో చర్చి, అరుగుల్లాంటి బెంచీల మీద ముసలివాళ్లు. ఎయిర్‌పోర్ట్ నుంచి మెట్రో 3వ లైన్ నేరుగా వస్తుంది, బీచ్‌కి ట్రామ్ ఉంది, స్కూల్ ఏడు నిమిషాల నడక. పిల్లలతో వెళ్తే ఇల్లు స్కూల్ పక్కనే చూసుకోవాలి, ఊరు చూడ్డం ఎలాగూ అవుతుంది.

స్కూల్ విషయంలో మాత్రం గట్టిగా చెప్తాను. విదేశీ పిల్లల కోసం పెట్టిన స్పానిష్ క్లాసులు చాలా ఉన్నాయి, అందులో అందరూ ఇంగ్లిషే మాట్లాడుకుంటారు. మేము ఆ పేట పిల్లలు వచ్చే మామూలు సమ్మర్ స్కూల్లో వేశాం, తొమ్మిది నుంచి రెండు దాకా, ఆటలు, బొమ్మలు, నీళ్లాటలు. మొదటి రోజు మా ఆరేళ్లవాడు నా చున్నీ వదల్లేదు. అక్కడ పిల్లల్ని చూసుకునే ఒక అమ్మాయి వచ్చి మోకాళ్ల మీద కూర్చుని, టేపు ముక్క మీద వాడి పేరు రాసి చొక్కాకి అంటించి, చెయ్యి చాపి ఊరుకుంది, వాడే పట్టుకునేదాకా. నాలుగో రోజు ఇంటికొచ్చి "మె తోకా" అని అక్కతో గొడవ, అంటే నా వంతు అని. తోక అనగానే ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు, ఆ మాట ఇక మర్చిపోలేదు.

భోజనం స్కూల్లోనే. వాళ్ల లెంతెహాస్ అచ్చం మన పప్పులాగే ఉంటుంది కానీ అందులో పంది మాంసం సాసేజ్ ముక్కలు వేస్తారు, తినని వాళ్లు ముందే రాసివ్వాలి. మేము రాసిచ్చాం, వాళ్లు ఒక్క రోజు కూడా మర్చిపోలేదు.

సాయంత్రాలు తూరియా తోటలో గడిచేవి. 1957లో వరదొచ్చి ఊరు మునిగాక నదిని ఊరి బయటికి మళ్లించారు, ఖాళీ అయిన నదిగర్భంలో హైవే వేద్దామంటే జనం ఒప్పుకోలేదు, ఇప్పుడది కిలోమీటర్ల పొడవునా తోట. 1908 మూసీ వరద తర్వాత మనకి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి కదా, ఆ కథ పిల్లలకి అక్కడే కూర్చోబెట్టి చెప్పాను. డెబ్బై మీటర్ల గలివర్ బొమ్మ ఒకటి పడుకుని ఉంటుంది, ఒళ్లంతా జారుడుబల్లలే, టికెట్ లేదు. ఓషనోగ్రాఫిక్ అనే పెద్ద అక్వేరియం బాగుంది, ఖరీదెక్కువ, ఒక్కసారి చాలు.

జూన్ 23 రాత్రి బీచ్‌లో సాన్ హువాన్ పండగ మంటలు వేస్తారు, వాలెన్సియాలో ఉంటే తప్పకుండా వెళ్లండి. ఇసకలో వరసగా మంటలు, చుట్టూ కుటుంబాలు, పిల్లలు నీళ్లలో గెంతులు. మా పెద్దది "అమ్మా, ఇక్కడ భోగి ఇప్పుడా?" అంది.

ఆదివారం చాలా సూపర్ మార్కెట్లు మూసేస్తారు, సరుకులు శనివారమే తెచ్చుకోండి. మెర్కాదో సెంట్రల్ మధ్యాహ్నం మూడింటికే కట్టేస్తుంది, పొద్దున్నే పిల్లల్ని స్కూల్లో దింపి అటే వెళ్లిపోతే పళ్లు, కూరలు తాజాగా దొరుకుతాయి.