పది రూపాయల దరఖాస్తు, ఇరవై ఆరో పాయింటు: కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ ఆర్టీఐ సేవపై సమీక్ష

నాకు వినికిడి లోపం ఉంది. ప్రభుత్వ కార్యాలయంలో ఏదైనా తెలుసుకోవాలంటే కౌంటరు అవతలి మనిషి పెదవుల కదలిక మీదనో, వెంట వచ్చిన తమ్ముడి ఓపిక మీదనో ఆధారపడడం నాకు అలవాటే. అందువల్ల మొదటి నుంచి చివరి దాకా రాతలోనే నడిచే సేవను కొంత పక్షపాతంతో చూస్తానని ముందే ఒప్పుకుంటున్నాను. 2013లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ సమాచార హక్కు పోర్టల్‌ను ఏడాదిన్నరగా ఒకే ఒక విషయం కోసం వాడుతున్నాను. కేంద్ర కార్యాలయాల నియామకాల్లో దివ్యాంగులకు రావలసిన పోస్టులెన్ని, వచ్చినవెన్ని అన్నదే ఆ విషయం.

దరఖాస్తు చేయడం తేలిక. శాఖను ఎంచుకొని, వివరాలు నింపి, 10 రూపాయల రుసుమును కార్డుతోనో నెట్‌బ్యాంకింగ్‌తోనో కడితే రిజిస్ట్రేషన్ నంబరు వస్తుంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు ధ్రువపత్రం జతచేస్తే ఆ రుసుమూ ఉండదు. అయితే ప్రశ్న రాసే పెట్టెలో 3,000 అక్షరాలే పడతాయి, అవి కూడా ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులే. సమాచార హక్కు చట్టం ఆ ప్రాంతపు అధికార భాషలో అడిగే వీలు కల్పించినా, తెలుగులో అడగదలచినవారు తమ దరఖాస్తును పీడీఎఫ్‌గా జతచేయక తప్పదు. ఇంకొక జాగ్రత్త ఏమిటంటే, ఈ పోర్టల్ కేంద్ర ప్రభుత్వ సంస్థలకు ఉద్దేశించినది. రాష్ట్ర శాఖను అడగబోయి ఇందులో పంపితే దరఖాస్తు వెనక్కి వస్తుంది, పది రూపాయలు రావు.

సేవ విలువ తేలేది మాత్రం ప్రశ్న వేయడంలో కాదు, జవాబులో. నా మొదటి దరఖాస్తులో, పేరు చెప్పదలచుకోని ఒక కేంద్ర కార్యాలయాన్ని, దివ్యాంగుల బ్యాక్‌లాగ్ పోస్టులను ఎందుకు భర్తీ చేయలేదని అడిగాను. ఇరవై తొమ్మిదో రోజున ఒక్క వాక్యం వచ్చింది: కారణాలు, వివరణలు కోరడం సమాచారం నిర్వచనంలోకి రాదు. కోపం వచ్చిన మాట నిజమే కానీ, తప్పులో సగం నాది. ఈ చట్టం ఇచ్చేది కార్యాలయం దగ్గర ఉన్న కాగితాన్ని. లేని కాగితాన్ని అది పుట్టించలేదు. కాబట్టి ఏ కాగితం తప్పనిసరిగా ఉండాలో మనకే తెలియాలి.

ఆ కాగితం పేరు రోస్టర్ రిజిస్టర్, అంటే ఏ వరుస సంఖ్య (పాయింటు) దగ్గరి ఖాళీ ఏ వర్గానికి చెందాలో, అది ఏమైందో నమోదు చేసే పుస్తకం. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న దివ్యాంగుల హక్కుల చట్టంలోని 34వ సెక్షన్, 1995 చట్టం ఇచ్చిన 3 శాతం రిజర్వేషన్‌ను 4 శాతానికి పెంచింది. చూపు లోపం, వినికిడి లోపం, శారీరక కదలిక లోపం ఉన్నవారికి తలా 1 శాతం. ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాల వంటివాటికి కలిపి 1 శాతం. దీన్ని అమలు చేయడానికి 2018 జనవరి 15న సిబ్బంది, శిక్షణ శాఖ ఇచ్చిన ఉత్తర్వు నూరు పాయింట్ల రోస్టర్‌ను నాలుగు భాగాలు చేసి 1, 26, 51, 76 పాయింట్లను ఈ వర్గాలకు కేటాయించింది. ఇరవై ఆరో పాయింటు మాది. అక్కడి పోస్టు మాకు అనువైనది కాకపోతే, అదే భాగంలో యాభయ్యో పాయింటు లోపల మరొకటి ఇవ్వాలి. అర్హులు దొరకకపోతే ఖాళీని మరుసటి నియామక సంవత్సరానికి తీసుకుపోవాలి. అప్పుడూ దొరకకపోతే ఇతర దివ్యాంగ వర్గాలకు మార్చాలి. అదీ కుదరనప్పుడే మిగిలినవారికి ఇవ్వవచ్చు. ఇన్ని మెట్లున్న పద్ధతిలో ఏ మెట్టు దగ్గర జారిందో రిజిస్టరు చూస్తే తప్ప తెలియదు.

రెండో దరఖాస్తులో ‘ఎందుకు’ అనే మాట లేకుండా చూసుకున్నాను. గ్రూపులవారీగా దివ్యాంగుల రోస్టర్ రిజిస్టర్ నకళ్లు, తరువాతి సంవత్సరానికి తీసుకుపోయిన ఖాళీల పట్టిక, వర్గాల మధ్య మార్పిడి ఉత్తర్వులు, దివ్యాంగుల హక్కుల చట్టం 23వ సెక్షన్ కింద నియమించిన ఫిర్యాదుల పరిష్కార అధికారి హోదా, ఇవే అడిగాను. ఎంపికైనవారి పేర్లు అడగలేదు. వ్యక్తిగత సమాచారమన్న మాట చెప్పి మొత్తం దరఖాస్తును పక్కన పెట్టే అవకాశం ఎందుకు ఇవ్వాలి? ఈసారి పేజీకి 2 రూపాయల చొప్పున కట్టమన్నారు, కట్టాక నకళ్లు వచ్చాయి. ఇరవై ఆరో పాయింటు ఎదురుగా ‘అర్హులు లేరు, తరువాతి సంవత్సరానికి’ అని సంతకంతో సహా ఉంది. తరువాతి సంవత్సరం పేజీలో ఆ ఖాళీ ప్రస్తావనే లేదు.

అసలు రిజిస్టరు చూడాలని అడిగాను. తనిఖీకి మొదటి గంట ఉచితం, ఆపైన గంటకు 5 రూపాయలు. ఇంద్రియ లోపం ఉన్నవారు రికార్డు చూసుకోవడానికి సమాచార అధికారి తగిన సాయం చేయాలని సమాచార హక్కు చట్టం 7వ సెక్షన్‌లోని నాలుగో ఉపసెక్షన్ చెబుతుంది. దరఖాస్తులో ఆ సంఖ్య వేసినందుకో ఏమో, అక్కడి గుమాస్తా ప్రతి మాటా కాగితం మీద రాసి చూపించాడు, విసుక్కోలేదు. రిజిస్టరులో కూడా ఆ ఖాళీ జాడ లేదు.

ఈ సేవకు అయిదింటికి మూడున్నర మార్కులు వేస్తాను. దరఖాస్తు తీసుకోవడం, నంబరు ఇవ్వడం అది బాగానే చేస్తుంది. తగ్గించిన మార్కుల్లో అర మార్కు తెలుగు లేనందుకు; మిగతా మార్కు పోర్టల్‌ది కాదేమో కూడా. సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థా అడగకుండానే 17 రకాల సమాచారాన్ని బయటపెట్టాలి. అదే స్ఫూర్తితో రోస్టర్ రిజిస్టరును వెబ్‌సైటులో ఉంచితే, నాలాంటివాళ్లు ఈ సేవ గడప తొక్కవలసిన పనే ఉండదు.

మొదటి అప్పీలుకు రుసుము లేదు. జవాబు అందిన 30 రోజుల్లోగా అదే పోర్టల్‌లో వేయాలి. మరుసటి సంవత్సరపు ఖాళీ లెక్క పూర్తిగా ఇవ్వలేదని వేశాను. తీర్పుకు 30 రోజులు, కారణం రాసి పెట్టుకుంటే 45. ఈ రోజు ముప్పై మూడోది.