ముందు చక్రం మీద మోత: తొమ్మిదేళ్లలో నాలుగు క్యారేజీలు

మాది రాజమహేంద్రవరం. ఆఫీసుకు రానూపోనూ 14 కిలోమీటర్లు, ఆదివారం రైతుబజారు, అప్పుడప్పుడు కడియం నర్సరీలు, ఏడాదికి ఒకటో రెండో దూరప్రయాణాలు, వీటన్నింటికీ నాకున్నది ఒకే సైకిలు. ఫ్రేమూ, ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే ఫోర్కూ ఉక్కువి, ముందు స్ప్రింగులు లేవు, చక్రాలు 700సి కొలతవి, టైర్లు 35 మిల్లీమీటర్ల వెడల్పువి. 2016లో మొదలుపెట్టి తొమ్మిదేళ్లలో దీని ముందు భాగానికి నాలుగు రకాల క్యారేజీలు బిగించాను; రెండింటిని తీసేశాను, రెండింటిని ఉంచుకున్నాను. కొనబోయేవారు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న అది ఎన్ని కిలోలు మోస్తుందని. నేనూ అదే అడిగాను. ఆ అంకె కన్నా, బరువు ఎంత ఎత్తున కూర్చుంటుంది, హ్యాండిల్ తిరిగే ఇరుసుకు ఎంత ముందుకు కూర్చుంటుంది అన్నవే రోజూ తొక్కేవాడికి చేతుల్లో తెలిసే సంగతులని గ్రహించడానికి నాకు మూడేళ్లు పట్టింది.

అసలు ముందు వైపు చూడవలసి రావడానికి కారణం వెనక చక్రం పుల్లలు. ఒక్క వర్షాకాలంలో మూడు తెగాయి. కూర్చున్న మనిషి బరువులో పెద్ద వాటా ఎలాగూ వెనక చక్రం మీదే పడుతుంది; దానికి తోడు నేను ల్యాప్‌టాపు, కూరగాయలు, ఒక్కోసారి పది కిలోల బియ్యం సంచి అన్నీ వెనక క్యారేజీకే కట్టేవాడిని. గేర్ల పళ్లచక్రాలకు చోటు వదలడం కోసం వెనక హబ్బులో కుడి అంచు లోపలికి జరిగి ఉంటుంది కాబట్టి రెండు వైపుల పుల్లలకూ బిగువు సమానంగా ఉండదు. రిమ్ బ్రేకులున్న (చక్రం అంచును పట్టి ఆపే బ్రేకులు) సైకిలులో ముందు చక్రానికి ఈ అవిటితనం లేదు. పైగా ఎత్తు ఎక్కేటప్పుడు వెనక బరువు ఎక్కువైతే ముందు చక్రం తేలిపోయి దారి తప్పుతుంది. కొంత బరువును ముందుకు మార్చిన తరువాత ఇప్పటి వరకు తెగిన వెనక పుల్ల ఒక్కటే.

ఇక్కడ కొంత లెక్క తప్పదు. హెడ్ ట్యూబు, అంటే ఫ్రేము ముందు భాగంలో హ్యాండిల్ తిరిగే గొట్టం, గుండా పోయే గీతను నేల దాకా పొడిగిస్తే, అది టైరు నేలను తాకే చోటికి కొంచెం ముందు తగులుతుంది. ఆ రెండింటి మధ్య దూరాన్ని ట్రెయిల్ అంటారు. నా సైకిలులో హెడ్ ట్యూబు వాలు 72 డిగ్రీలు, ఫోర్కు ముందుకు వంగిన దూరం 45 మిల్లీమీటర్లు, చక్రం వ్యాసార్ధం సుమారు 346 మిల్లీమీటర్లు. లెక్క వేస్తే ట్రెయిల్ 65 మిల్లీమీటర్ల దగ్గర తేలుతుంది. ఈ మాత్రం ఉంటే ఖాళీ సైకిలు హాయిగా, నిలకడగా సాగుతుంది. కాని ముందు బరువు ఎక్కగానే, ముఖ్యంగా ట్రాఫిక్‌లో నడక వేగంతో పోయేటప్పుడు, హ్యాండిల్ తనంతట తానే ఒక పక్కకు ఒరిగిపోతుంది, దాన్ని ప్రతిసారీ చేత్తో నిలబెట్టుకోవాలి. ఒకప్పుడు పారిస్‌లో వార్తాపత్రికల కట్టలను ముందు క్యారేజీ మీద వేసుకుని పరుగులు తీసిన వారి సైకిళ్ల సంప్రదాయంలో ఫోర్కు వంపు ఎక్కువ, ట్రెయిల్ తక్కువ. వాలు 73 డిగ్రీలు, వంపు 65 మిల్లీమీటర్లు ఉంటే అదే చక్రంతో ట్రెయిల్ 40 లోపుకు దిగుతుంది. మనకు దుకాణాల్లో దొరికే సైకిళ్లలో అటువంటి ఫోర్కు నాకు ఎక్కడా కనబడలేదు. కాబట్టి ఉన్న ఫోర్కుతోనే సర్దుకోవలసిన మనబోటివాళ్లకు బరువును ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న మరింత ముఖ్యమవుతుంది.

మొదటిది హ్యాండిల్‌కు తగిలించే తీగబుట్ట. దాని గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. నాలుగు కిలోలు దాటగానే బరువంతా ఎత్తున ఊగేది, గేరు కేబులు, బ్రేకు కేబులు బుట్ట వెనక నలిగి వంకర తిరిగేవి, గతుకుల్లో కొక్కేలు జారేవి. ఏడు నెలలకు తీసేశాను. ఇప్పుడది మా పెరట్లో బచ్చలి తీగకు ఆధారంగా ఉంది.

రెండవది అల్యూమినియం పలక క్యారేజీ. దాని రెండు కాళ్లు చక్రం ఇరుసు పక్కనున్న రంధ్రాలకు బిగుస్తాయి, పై భాగాన్ని ఒకే ఒక్క చదును పట్టీ ఫోర్కు తల దగ్గరి బోల్టుకు కలుపుతుంది. డబ్బా మీద 10 కిలోలని ఉంది, నేను ఎనిమిది దాటనివ్వలేదు. రెండేళ్లు బాగానే పనిచేసింది. పలక టైరుకు ఒక జానెడు ఎత్తున ఉండటం, దాని ముందు అంచు ఇరుసు కన్నా బాగా ముందుకు పొడుచుకు రావడం వల్ల సంచి కట్టిన రోజు హ్యాండిల్ బరువెక్కేది, అయినా అలవాటుపడ్డాను. 2018 చివర్లో కోటిపల్లి బస్టాండు దగ్గర, అదృష్టవశాత్తు నెమ్మదిగా పోతున్నప్పుడు, ఆ పై పట్టీ పుటుక్కున తెగింది. తెగగానే క్యారేజీ మొత్తం ఇరుసు దగ్గరి బోల్టుల చుట్టూ తిరిగి ముందుకు బోర్లా పడింది, టమాటాలన్నీ రోడ్డు పాలయ్యాయి. అదే వేగంగా పోతున్నప్పుడు జరిగి, తెగిన ముక్క పుల్లల్లో ఇరుక్కుని ఉంటే నేను హ్యాండిల్ మీదుగా ఎగిరి పడేవాడిని.

ఆ ముక్కను ఇంటికి తెచ్చి చూస్తే కారణం స్పష్టంగా కనిపించింది. పట్టీని నా ఫోర్కుకు సరిపడేలా వంచిన చోటే, అందులోనూ సర్దుబాటు కోసం వేసిన రంధ్రం అంచునే, బీట మొదలైంది. సగం వరకు బీట మసిబారి పాతదిగా ఉంది, మిగిలిన సగం మెరుస్తూ కొత్తగా ఉంది. అంటే చాలా రోజులుగా కొంచెం కొంచెంగా తెగుతూ వచ్చింది. ఉక్కు అయితే ఒక హద్దు లోపలి కుదుపులను ఎన్ని లక్షలసార్లయినా ఓర్చుకుంటుంది. అల్యూమినియానికి అటువంటి నిర్దిష్టమైన హద్దు లేదు, కుదుపు చిన్నదైనా లెక్క పెరుగుతూ ఉంటే ఏదో ఒకనాటికి అలసిపోతుంది. అల్యూమినియం క్యారేజీలన్నీ చెడ్డవని దీని అర్థం కాదు, లావుగా, సరైన ఆకారంలో చేసినవి చాలాకాలం ఉంటాయి. ముందు చక్రం మీద మాత్రం ఒకే పట్టీని నమ్ముకున్న క్యారేజీని, అది ఏ లోహమైనా సరే, నేను మళ్లీ కొనను. పైన కనీసం రెండు చోట్ల పట్టు ఉండాలి. అంతటితో ఆగక, ఇప్పుడు పలకను ఫోర్కు తలకు కలుపుతూ పాత ట్యూబు ముక్క ఒకటి గట్టిగా కట్టి ఉంచుతున్నాను. బోల్టు ఊడినా క్యారేజీ చక్రం మీద పడకుండా అది ఆపుతుంది.

మూడవది జర్మనీకి చెందిన ట్యూబస్ సంస్థ వారి టారా. అక్కడ ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు 2019లో వస్తూ తెచ్చిపెట్టాడు. ఇది లోరైడర్ రకం. అంటే దీని మీద పలక ఉండదు, ఫోర్కుకు రెండు వైపులా ఇరుసుకు కాస్త పైన సంచులు తగిలించుకోవడానికి కమ్ములుంటాయి, ఆ రెండు పక్కలనూ చక్రం మీదుగా వంగిన ఒక విల్లు కలుపుతుంది. సన్నని క్రోమ్‌మోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన) ఉక్కు గొట్టంతో చేసినది, బరువు అర కిలో ప్రాంతం, మోత పరిమితి రెండు పక్కలా కలిపి 15 కిలోలు. మన పాలవాళ్లు క్యాన్లను క్యారేజీ పైన పెట్టకుండా పక్కలకు వేలాడదీయడంలో ఉన్న తెలివే ఇందులోనూ ఉంది.

తేడా మొదటిరోజే తెలిసింది. పక్కకు అయిదేసి కిలోల చొప్పున పెట్టినా హ్యాండిల్ ఒరగడం దాదాపు లేదు, ఎందుకంటే బరువు హ్యాండిల్ తిరిగే గీతకు దగ్గరగా, ఇరుసు ఎత్తులో ఉంటుంది. మలుపులు కొంచెం నిదానంగా తిరుగుతాయి, కాని దిగుడులో అదే మేలు చేస్తుంది. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఘాట్‌లో దిగేటప్పుడు, బరువంతా వెనకే ఉన్న పాత రోజుల్లో సైకిలు నడుములో పుట్టి హ్యాండిల్ దాకా పాకే వణుకు నన్ను చాలా భయపెట్టేది. లోరైడర్‌తో అదే దారిన రెండుసార్లు వెళ్లాను, వణుకు లేదు. ఒక నియమం తప్పనిసరి: రెండు సంచుల బరువూ సమానంగా ఉండాలి. ఒకవైపు రెండు లీటర్ల నీళ్లు ఎక్కువైతే చాలు, చేతులు వదిలినప్పుడే కాదు, పట్టుకున్నప్పుడూ ఆ లాగుడు తెలుస్తుంది. నేను బయలుదేరే ముందు వంటింటి కొక్కెపు త్రాసుకు రెండింటినీ తగిలించి చూసుకుంటాను. ఇంట్లోవారు నవ్వుతారు.

దీనికీ ఇబ్బందులున్నాయి. గోదావరి మీద రోడ్డు కం రైలు వంతెన నాలుగు కిలోమీటర్ల పొడవు. ఆషాఢంలో పక్కగాలి కొట్టినప్పుడు ముందు సంచులు తెరచాపల్లా పనిచేసి హ్యాండిల్‌ను గుంజుతాయి. అటువంటి రోజు సంచులను వీలైనంత చదునుగా, పట్టీలు బిగించి సర్దుకోవాలి. వానాకాలంలో రైలు కట్ట కింది దారుల్లో మోకాటి లోతు నీళ్లు నిలిస్తే మొదట మునిగేవి ఈ సంచులే. కాలిబాట అంచుకు, రోడ్డు పక్క రాళ్లకు తగిలేవీ ఇవే. అన్నింటికన్నా పెద్ద లోటు, రోజువారీ పనులకు ఇది అనువైనది కాదు: కొత్తిమీర కట్టలు, అరటి అత్తం, మొక్కల కుండీ, పుస్తకాల కట్ట, ఇవేవీ పక్క సంచిలో ఇమడవు.

అందువల్ల 2021లో నాలుగవది చేయించాను. మా వీధి చివర వెల్డింగు షాపు నడిపే ఆయనకు బొమ్మ గీసి ఇచ్చాను. ఆయన చేతికందిన 10 మిల్లీమీటర్ల, లోపల బోలు లేని ఇనుప కమ్మీతో మొదటిది చేసిచ్చారు. మూడున్నర మీటర్ల కమ్మీ పట్టింది, తూచితే రెండు కిలోలు దాటింది. కూరగాయల కన్నా క్యారేజీ బరువు ఎక్కువని నేనంటే, "గట్టిగా ఉండొద్దా సార్?" అన్నారు. గట్టిదనానికి గొట్టమే మేలని ఆయనను ఒప్పించడానికి కాగితం మీద లెక్క చూపవలసి వచ్చింది. 10 మిల్లీమీటర్ల కమ్మీ మీటరుకు 617 గ్రాములు తూగుతుంది. 12 మిల్లీమీటర్ల వ్యాసం, ఒక మిల్లీమీటరు మందం ఉన్న గొట్టం మీటరుకు 270 గ్రాములే. అయినా వంపును ఎదిరించడంలో గొట్టమే కొంచెం మెరుగు. రెండవసారి చేసినది కిలో లోపే వచ్చింది. అంత పలుచని గొట్టాన్ని ఆర్క్ వెల్డింగు రాడ్డు పెట్టి అతికిస్తే చిల్లు పడుతుంది. గ్యాసు మంటతో ఇత్తడి కరిగించి అతికించడమే క్షేమం. గొట్టం చివరలను సుత్తితో చదును చేసి రంధ్రం వేయడం తేలికే గాని, చదునైన చోటు నుంచే తరువాత బీటలు వస్తాయి కనుక విడిగా చిన్న రేకు ముక్కలు అతికించమన్నాను.

ఈ పలక కొలత 30 సెంటీమీటర్ల పొడవు, 24 సెంటీమీటర్ల వెడల్పు. మడ్‌గార్డు మీద రెండు వేళ్ల ఎత్తులో మాత్రమే ఉంటుంది. వెనక అంచు హెడ్ ట్యూబుకు తగలనంత దగ్గరగా ఉంటుంది, అక్కడే నిలువుగా ఒక కమ్మీ లేపించాను, బరువు వెనక్కి జారి బ్రేకు కేబులును నొక్కకుండా. పాత అల్యూమినియం దానికీ దీనికీ ఎత్తులో జానెడు లోపే తేడా, కాని ఏడు కిలోల సంచి పెట్టి తొక్కితే రెండు వేరు వేరు సైకిళ్లు అనిపిస్తాయి. కడియం నుంచి నాలుగు మొక్కలు తెచ్చుకోవడానికి ఇంతకన్నా మంచిది నాకు తెలియదు. అవి కళ్లకు అడ్డం రానంత పొట్టివి అయితే. ఎనిమిది కిలోలు దాటితే మాత్రం దీని మీద కూడా చేతులు నొప్పి పుడతాయి. ఇరవై లీటర్ల నీళ్ల క్యాను ఒక్కసారి ప్రయత్నించి, వీధి మలుపు దాకా కూడా పోకుండా దింపేశాను. తుప్పు గురించి చెప్పాలంటే, ప్రైమరు వేయకుండా పెయింటు కొట్టడం నేను చేసిన తప్పు. మొదటి వానాకాలానికే మూలలు పొక్కాయి, గీకి మళ్లీ వేయించాను.

ఏ క్యారేజీకైనా ప్రాణం అయిదు మిల్లీమీటర్ల బోల్టులే. నైలాన్ పట్టు ఉన్న నట్లు వాడి, నెలకు రెండుసార్లు అలెన్ కీతో తడిమి చూస్తాను. వంతెన మీది అతుకుల కుదుపులకు వదులయ్యేవి ఎప్పుడూ ఇరుసు దగ్గరివే. ముందు మోత పెట్టుకున్నాక మరో రెండు మార్పులు తప్పలేదు. హ్యాండిల్ మీది దీపం సంచి చాటున పడటంతో దాన్ని పలక ముందు అంచుకు మార్చాను. పక్క స్టాండు మీద నిలిపితే ముందు చక్రం గిర్రున తిరిగి సైకిలు పడిపోతుంది. ముందు బ్రేకును రబ్బరు పట్టీతో నొక్కి కట్టినా చక్రం దొర్లకుండా ఆగుతుందే గాని హ్యాండిల్ తిరగడం ఆగదు, అందుకని డబుల్ స్టాండు వేయించుకున్నాను. నెదర్లాండ్స్ సైకిళ్లలో ముందు క్యారేజీని ఫోర్కుకు కాక ఫ్రేముకే బిగించే పద్ధతి ఉంది, హ్యాండిల్ తిరిగినా బరువు తిరగదు కాబట్టి ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. దానికి హెడ్ ట్యూబు మీద ప్రత్యేకంగా పట్టు ఉండాలి. నా ఫ్రేముకు అది లేదు.

కొనే ముందు మీ ఫోర్కును ఒకసారి కూర్చుని చూడండి. ఇరుసు పక్కన రంధ్రాలు, ఫోర్కు నడుమ రెండు వైపులా బోల్టు బిగించే మర రంధ్రాలు ఉంటే ఏ రకమైనా ఎంచుకోవచ్చు. కింద మాత్రమే రంధ్రాలు ఉండి నడుమ లేకపోతే, రబ్బరు పొదిగిన క్లాంపులతో తేలికపాటి బరువు మోయవచ్చు. అవి వానలో జారడం చూశాను కనుక మూడు నాలుగు కిలోలు మించవద్దంటాను. ముందు స్ప్రింగులున్న ఫోర్కు అయితే మామూలు క్యారేజీ కుదరదు, స్ప్రింగు కదిలినప్పుడల్లా పైనా కిందా పట్లు ఒకదాన్నొకటి లాగుతాయి. కార్బన్ ఫోర్కుకు, తయారీదారు మోతకోసమని మరలు ఇస్తే తప్ప, క్లాంపు బిగించే ఆలోచనే పెట్టుకోవద్దు. మా తమ్ముడి సైకిలుకు స్ప్రింగు ఫోర్కు ఉండేది. దానికి రకరకాల పట్టీలు వెతకడంలో రెండు నెలలు పోయాక, చివరికి మరలున్న మామూలు ఉక్కు ఫోర్కు వేయించి, నా నాలుగవ క్యారేజీ కొలతలతోనే అతనికీ ఒకటి చేయించాము.