కోడ్, ఫలితం, వివరణ ఒకే ఫైలులో: క్వార్టోపై సమీక్ష

డేటా సైన్స్ వ్యాసంలో కోడ్ ఇచ్చినప్పుడు, పాఠకుడు దానిని తన కంప్యూటరులో నడిపితే వ్యాసంలో ఉన్న పట్టిక, గ్రాఫ్ అక్కడా రావాలి. అటువంటి వ్యాసాలను ప్రచురించదలచినవారికి, కోడ్‌ను నడిపి దాని ఫలితాలతో సహా వ్యాసాన్ని తయారు చేసే క్వార్టో అనే సాధనం ఎంతవరకు పనికివస్తుందో ఈ ఒక్క షరతు మీదనే పరిశీలించాను. ఉచితంగా దొరికే సాధనాలలో కొత్తవారికి నేను మొదట సూచించేది ఇదే. అయితే క్వార్టో కోడ్‌ను నడిపించే బాధ్యతను మాత్రమే తీసుకుంటుంది. కోడ్ వాడుకునే ప్యాకేజీల (ఇతరులు రాసి ఉంచిన కోడ్ సంపుటాల) వెర్షన్లను, డేటాను రచయిత స్వయంగా చూసుకోవాలి.

ఆర్ అనే గణాంక ప్రోగ్రామింగ్ భాషకు సాధనాలు తయారు చేసే ఆర్‌స్టూడియో సంస్థ తన పేరును పాజిట్‌గా మార్చుకుంటున్నట్టు 2022 జులైలో ప్రకటించింది. క్వార్టోను కూడా అప్పుడే విడుదల చేసింది. దీనికి ముందున్న ఇటువంటి సాధనం ఆర్ మార్క్‌డౌన్‌కు ఆర్ భాష తప్పనిసరి. క్వార్టో స్వతంత్రంగా నడిచే ప్రోగ్రాము కనుక, పైథాన్ మాత్రమే తెలిసినవారు ఆర్‌ను ఇన్‌స్టాల్ చేయనవసరం లేదు. పైథాన్ కోడ్‌ను జూపిటర్ అనే ప్రోగ్రాము ద్వారా, ఆర్ కోడ్‌ను నిట్ఆర్ అనే ప్యాకేజీ ద్వారా నడిపించి, వచ్చిన ఫలితాలను వ్యాసంలో చేర్చి, ప్యాన్‌డాక్ అనే ఫైలు మార్పిడి ప్రోగ్రాము సహాయంతో వెబ్ పేజీగానో పీడీఎఫ్‌గానో మారుస్తుంది. జూలియా భాషకు కూడా చోటుంది.

ఒక్క ఆదేశంతో బ్లాగు ముఖపుట, పరిచయ పేజీ, వ్యాసాల ఫోల్డర్ సిద్ధమవుతాయి. ప్రతి వ్యాసానికీ ఒక ఫోల్డర్, అందులో వచనం, కోడ్ కలిసి ఉండే ఒక క్యూఎండీ (.qmd) ఫైలు, పక్కనే దానికి కావలసిన డేటా ఉంటాయి. ప్రివ్యూ నడుస్తుండగా ఫైలును సేవ్ చేస్తే బ్రౌజరులో పేజీ తనంతట తానే మారుతుంది. పొడవైన కోడ్‌ను మడిచి చూపించవచ్చు, వ్యాసాలను విషయాల వారీగా విభజించవచ్చు, ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ ఇవ్వవచ్చు. ఇవన్నీ సౌకర్యాలే కానీ, నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది వేరొకటి: ఏదైనా కోడ్ భాగంలో దోషం వస్తే, దానిని అనుమతించాలని మనం ప్రత్యేకంగా చెప్పకపోతే, పేజీ తయారీ అక్కడే ఆగిపోతుంది. కోడ్‌ను ఒకచోట రాసి, దాని ఫలితాన్ని స్క్రీన్‌షాట్ తీసి మరొకచోట అతికించే పద్ధతిలో ఈ రక్షణ లేదు. చలరాశి పేరు మార్చిన తరువాత కూడా పాత గ్రాఫే పేజీలో నిలిచిపోతుంది, పాఠకుడు మాత్రం పని చేయని కోడ్‌తో గంటల తరబడి తంటాలు పడతాడు.

జూపిటర్ నోట్‌బుక్‌ను నేరుగా ప్రచురించేవారు ఒక సంగతి గమనించాలి. నోట్‌బుక్ ఉండే ఐపీవైఎన్‌బీ (.ipynb) ఫైలును ఇస్తే, క్వార్టో దానిలో ఇప్పటికే ఉన్న ఫలితాలనే తీసుకుంటుంది. ప్రత్యేకంగా కోరితే తప్ప కోడ్‌ను మళ్లీ నడపదు. నోట్‌బుక్‌లో గదులను (విడివిడి కోడ్ భాగాలను) ఏ వరుసలోనైనా నడపవచ్చు, తొలగించిన గదిలోని చలరాశి కూడా మెమరీలో మిగిలి ఉండవచ్చు కాబట్టి, పైనుంచి కిందికి వరుసగా నడిపితే అవే ఫలితాలు వస్తాయన్న హామీ ఉండదు. అందుకే వ్యాసాన్ని మొదటినుంచీ క్యూఎండీ ఫైలుగా రాయడం మేలని నా అభిప్రాయం.

ఫ్రీజ్ అనే అమరిక గురించి కొంత వివరంగా చెప్పాలి. దీనిని ఆటోలో పెడితే, సైటు మొత్తాన్ని తయారు చేసేటప్పుడు మూలపాఠం మారిన వ్యాసాలను మాత్రమే క్వార్టో మళ్లీ నడుపుతుంది, తక్కిన వాటికి దాచి ఉంచిన ఫలితాలను వాడుకుంటుంది. వ్యాసాలు పెరిగేకొద్దీ ఇది తప్పనిసరి అవుతుంది. కానీ అది గమనించేది వ్యాసపు ఫైలులోని మార్పులను మాత్రమే. పక్కనున్న సీఎస్‌వీ (డేటా పట్టిక) ఫైలును సరిదిద్ది, వ్యాసాన్ని ముట్టుకోకుండా వదిలేస్తే, పాత అంకెలే నిశ్శబ్దంగా ప్రచురణకు వెళతాయి. డేటా మారినప్పుడు ఆ ఒక్క వ్యాసాన్ని విడిగా తయారు చేయాలి; అలా విడిగా చేసినప్పుడు ఫ్రీజ్ ఉన్నా కోడ్ మళ్లీ నడుస్తుంది. మొదటిసారి మొదలుపెట్టేవారికి ఈ సూక్ష్మం తట్టడం కష్టం, కనుక అధికారిక మార్గదర్శినిలో దీనికి ఇంకా ప్రముఖమైన చోటు దక్కాలి.

ఇక వెర్షన్ల విషయం. పైథాన్ ప్యాకేజీ పాండాస్ 2.0లో, పట్టికకు వరుసలు చేర్చే డేటాఫ్రేమ్ అపెండ్ పద్ధతిని తొలగించారు. మరో పైథాన్ ప్యాకేజీ సైకిట్-లెర్న్ 1.2లో బోస్టన్ ఇళ్ల ధరల డేటాను తీసివేశారు. ఆ డేటాతో రాసిన పాఠాలు వెబ్‌లో లెక్కలేనన్ని ఉండగా, వాటిని కొత్త వెర్షన్‌లో నడిపితే దోషమే ఎదురవుతుంది. దోషం కనిపించడం ఒక విధంగా నయం. 2019లో వచ్చిన ఆర్ 3.6.0లో యాదృచ్ఛిక నమూనాలను ఎంచే పద్ధతి మారింది. పాత వెర్షన్‌లో సీడ్ (యాదృచ్ఛిక ఎంపికలు ప్రతిసారీ ఒకేలా రావడానికి ఇచ్చే సంఖ్య) పెట్టి రాసిన కోడ్ కొత్త వెర్షన్‌లో ఏ ఫిర్యాదూ లేకుండా నడుస్తూనే వేరే ఫలితం ఇవ్వగలదు. కాబట్టి ఆర్‌కు ఆర్‌ఎన్వ్ ప్యాకేజీ తయారు చేసే లాక్ ఫైలును (వాడిన వెర్షన్లను నమోదు చేసే ఫైలును), పైథాన్‌కు కచ్చితమైన వెర్షన్ సంఖ్యలున్న ప్యాకేజీల జాబితాను వ్యాసంతో పాటు ఉంచడం తప్పనిసరి. క్వార్టో వీటితో చక్కగా కలిసి పనిచేస్తుంది కానీ, తానుగా వీటిని తయారు చేయదు.

డేటా విషయంలోనూ ఇదే వరస. తెలంగాణ ఓపెన్ డేటా పోర్టల్ వంటి చోట తీసుకున్న ఫైలును, లైసెన్సు అనుమతిస్తే, వ్యాసం పక్కనే ఉంచి, తీసుకున్న తేదీని రాయాలి. లింకు నుంచి నేరుగా చదివే కోడ్ ఆ లింకు మారిన రోజున ఆగిపోతుంది. కోడ్‌ను ఉంచే సైటు గిట్‌హబ్‌లో ఒక్కో ఫైలుకు 100 ఎంబీ పరిమితి ఉందని గుర్తుంచుకోవాలి.

తెలుగులో రాసేవారికి వెబ్ పేజీలతో ఇబ్బంది లేదు. గ్రాఫ్‌ల దగ్గరే జాగ్రత్త అవసరం. పైథాన్‌లో గ్రాఫ్‌లు గీసే మాట్‌ప్లాట్‌లిబ్ సాధారణంగా వాడే డేజావూ సాన్స్ ఫాంటులో తెలుగు అక్షరాలు లేనందున, శీర్షికల స్థానంలో ఖాళీ పెట్టెలు వస్తాయి. తెలుగు ఫాంటు పెట్టినా వత్తులు విడిపోయే ప్రమాదం ఉంది. ఆర్‌లో గ్రాఫ్‌లను చిత్రాలుగా తయారు చేసే ర్యాగ్ ప్యాకేజీని వాడితే వత్తులు, గుణింతాలు సరిగా కుదురుతాయి. పీడీఎఫ్ కావాలంటే నోటో సెరిఫ్ తెలుగు వంటి ఫాంటును పేర్కొనాలి.

ప్రచురణకు ఖర్చు లేదు. గిట్‌హబ్ వారి సైటు ప్రచురణ సేవ అయిన గిట్‌హబ్ పేజెస్‌కు పంపడానికి ఒక్క ఆదేశం చాలు. అమరికల ఫైలులో ఖాళీలు అటూ ఇటూ అయితే వచ్చే దోష సందేశాలు మాత్రం ఇంకా అస్పష్టంగానే ఉన్నాయి. కొత్తవారు తడబడేది ఎక్కువగా ఇక్కడే. కోడ్ అరుదుగా, వచనం అధికంగా రాసేవారికి ఇంత అమరిక అనవసరం, వారికి వర్డ్‌ప్రెస్ సరిపోతుంది. ప్రతి వ్యాసంలోనూ కోడ్ నడవవలసినవారు మాత్రం క్వార్టోతోనే మొదలుపెట్టి, తొలి వ్యాసాన్ని ప్రచురించే ముందు, ప్యాకేజీలేవీ లేని వేరొక కంప్యూటరులో లాక్ ఫైలు లేదా ప్యాకేజీల జాబితా సహాయంతో ఒకసారి తయారు చేసి చూడాలని కోరుతున్నాను.