జాజికాయ జెండా, ఏడు డాలర్ల నోటు: ఒలింపిక్స్‌లో చిన్న దేశానికి ఏ దారి మేలు?

2024 ఆగస్టు 8 అర్ధరాత్రి మన దేశంలో చాలా ఇళ్లలో లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. పారిస్‌లో జావెలిన్ ఫైనల్. అర్షద్ నదీమ్ 92.97 మీటర్లు విసిరి స్వర్ణం పాకిస్తాన్‌కు పట్టుకుపోయాడు. మన నీరజ్ 89.45 దగ్గర ఆగిపోయాడు. ఆ టెన్షన్‌లో మూడోవాడి సంగతి ఎవరికీ పట్టలేదు. 88.54తో కాంస్యం గెలిచిన ఆండర్సన్ పీటర్స్‌ది కరీబియన్ దీవి గ్రెనడా. పతకాలిచ్చేటప్పుడు మన జెండాతోపాటు పైకి లేచిన ఆ జెండాలో, ఎడమవైపు ఆకుపచ్చ ముక్క మీద ఒక చిన్న బొమ్మ ఉంటుంది. అది జాజికాయ. బిర్యానీ మసాలాలో మనం చిటికెడు గీరి వేసే జాజికాయే. ఆ దినుసును జెండా మీద పెట్టుకున్న దీవి జనాభా ఇంచుమించు మన శ్రీకాకుళం పట్టణమంత.

అంత చిన్న దేశం 140 కోట్లమంది పక్కన నిలబడిందే అని మనవాళ్లు ప్రతి ఒలింపిక్స్‌కీ తలలు పట్టుకుంటారు. ఆ వెంటనే తలసరి పతకాల పట్టికలు వాట్సాప్‌లో తిరుగుతాయి. నాకు ఆ పట్టికల మీద పెద్ద నమ్మకం లేదు. అరవై వేల పైచిలుకు జనమున్న బెర్ముడాకు టోక్యోలో ఫ్లోరా డఫీ ట్రయథ్లాన్ స్వర్ణం తెచ్చింది. ఆ ఒక్క పతకంతో అలాంటి పట్టికలో ఎవరైనా పైకి ఎక్కేస్తారు. పతకం వచ్చాక ఊళ్లో ఏం మిగిలింది, తర్వాతి పిల్లకు దారి పడిందా అన్నది అందులో కనబడదు. నేను ఆ లెక్కనే చూస్తాను. చిన్న దేశాలు ఇంతవరకు తొక్కిన దారులు ముఖ్యంగా మూడు: దేశమంతా ఒకే ఆటను పట్టుకోవడం, పిల్లల్ని బయటి దేశానికి పంపి తయారుచేయించుకోవడం, ఆటగాళ్లనే బయటినుంచి తెచ్చుకోవడం.

మొదటి దారికి ఫిజీని మించిన ఉదాహరణ లేదు. 1956లో మెల్‌బోర్న్‌తో మొదలుపెట్టి 60 ఏళ్లలో ఎన్నోసార్లు ఒలింపిక్స్‌కు వెళ్లొచ్చినా, ఒక్క కాంస్యమైనా రాలేదు. ఆటలు రాక కాదు. వాళ్లకు ప్రాణమైన ఆట ఒలింపిక్స్‌లో లేదు. ఏడుగురు ఆడే రగ్బీలో, అంటే సెవెన్స్‌లో, వాళ్లు 1997లోనూ 2005లోనూ ప్రపంచకప్ గెలిచారు. ఆ ఆటకు 2016లో రియోలో చోటు దొరికింది. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే విన్‌స్టన్ తుఫాను ఫిజీలో ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టింది. ఆరు నెలలు తిరగకుండా ఫైనల్లో బ్రిటన్‌ను 43-7తో చిత్తు చేశారు. పతకాలిచ్చేందుకు బ్రిటిష్ రాకుమారి ఆన్ వస్తే, ఫిజీ ఆటగాళ్లు ఒక్కొక్కరే ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని, అరచేతులు దొప్పల్లా చేసి, మెల్లగా చప్పట్లు కొట్టి తీసుకున్నారు. పెద్దలకు వాళ్లూళ్లో మర్యాద చేసే పద్ధతి అది. బ్రిటన్‌ను అంతలా ఓడించిన కుర్రాళ్లు బ్రిటన్ రాకుమారి ముందు అంత ఒద్దికగా కూర్చోవడం, ఎన్నిసార్లు చూసినా అదో ముచ్చట.

తర్వాతి ఏడాది ఫిజీ ఏకంగా ఏడు డాలర్ల నోటు అచ్చేసింది. ఒకవైపు కెప్టెన్ ఒసేయా కోలినిసౌ, రెండోవైపు జట్టు. బజార్లో చిల్లర లెక్కపెట్టుకునేవాళ్ల సంగతి ఏమో గానీ, సెవెన్స్‌కు ఏడు అన్న ఆలోచన మాత్రం బాగుంది. ఇంగ్లండ్ నుంచి వచ్చిన కోచ్ బెన్ ర్యాన్‌కు మూడెకరాల భూమి, ఒక ఫిజీ పేరు ఇచ్చారు.

ఫిజీ అనగానే మనకూ ఒక పేగుబంధం ఉంది. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి చెరకు తోటల్లో కూలికి వెళ్లిన గిర్మిటియాలలో (ఒప్పంద కూలీలలో) తెలుగువాళ్లు చాలామంది. సెవెన్స్ మాత్రం ఎక్కువగా అక్కడి మూలవాసుల పల్లెల ఆట. భారతీయ సంతతివాళ్లు ఫుట్‌బాల్ వైపు మొగ్గు. అయినా రియో నుంచి జట్టు తిరిగొచ్చాక దేశమంతటికీ సెలవే.

టోక్యోలోనూ మగవాళ్ల జట్టు న్యూజిలాండ్‌ను 27-12తో ఓడించి స్వర్ణం నిలబెట్టుకుంది, ఆడవాళ్ల జట్టు కాంస్యం తెచ్చింది. ఇంతవరకు ఈ దారికి వంక పెట్టడానికేం లేదు. పారిస్‌లో వచ్చింది అసలు పరీక్ష. ఫైనల్లో రెండో సగంలో దిగిన ఫ్రాన్స్ ఆటగాడు ఆంటోయిన్ దూపాంట్ రెండు ట్రైలు (బంతిని అవతలి గీత దాటించి నేలకు ఆనించడం) వేసి మ్యాచ్ లాగేసుకున్నాడు, 28-7. పదిహేనుమంది ఆడే పెద్ద రగ్బీలో ప్రపంచంలోనే పేరున్నవాణ్ని ఫ్రాన్స్ ఒలింపిక్స్ కోసం సెవెన్స్‌కు మళ్లించింది. డబ్బున్న దేశం తలుచుకుంటే ఇలా ఉంటుంది. పైగా ఫిజీ కుర్రాళ్లు బతుకుతెరువుకు క్లబ్ రగ్బీ ఆడేది ఎక్కువగా అదే ఫ్రాన్స్‌లో, న్యూజిలాండ్‌లో. ఆడవాళ్ల జట్టు పారిస్‌లో అట్టడుగున నిలిచింది. ఒకే ఆట మీద బతికేవాళ్లకు వచ్చేవి రెండే అవకాశాలు: మగవాళ్లదొకటి, ఆడవాళ్లదొకటి. ఒక మ్యాచ్ పోతే నాలుగేళ్లు పోయినట్టే. ఆ ఆటను ఒలింపిక్స్‌లో ఉంచడమా తీసేయడమా అన్నది కూడా ఫిజీ చేతిలో లేదు.

రెండో దారికి మళ్లీ జాజికాయ జెండా దగ్గరికి రావాలి. గ్రెనడా ఒలింపిక్స్‌కు వెళ్లడం మొదలుపెట్టింది 1984లో. 2012లో లండన్‌లో గుయావ్ అనే జాలర్ల ఊరి కుర్రాడు కిరానీ జేమ్స్ 400 మీటర్లను 43.94 సెకన్లలో పరిగెత్తి దేశానికి తొలి పతకం, అదీ స్వర్ణం, తెచ్చాడు. అప్పటికి అతనికి ఇంకా 20 నిండలేదు. నాకు ఆ ఫైనల్ కంటే సెమీఫైనల్ ఎక్కువ గుర్తు. రెండు కాళ్లకూ కార్బన్ బ్లేడ్లతో పరిగెత్తిన ఆస్కార్ పిస్టోరియస్ ఆఖర్న వచ్చాడు. కిరానీ నేరుగా అతని దగ్గరికి వెళ్లి, ఛాతీ మీది పేరు పట్టీలు మార్చుకుందామని అడిగి మార్చుకున్నాడు. (పిస్టోరియస్ కథ తర్వాత ఎటు పోయిందో అందరికీ తెలిసిందే, అది వేరే సంగతి.) కిరానీ రియోలో రజతం, టోక్యోలో కాంస్యం కూడా గెలిచాడు.

ఇక్కడితో ఆగితే, ఎక్కడో ఒక మాణిక్యం పుట్టింది, అదృష్టం అని సరిపెట్టుకోవచ్చు. పారిస్‌లో కిరానీ అయిదో స్థానంలో ఆగిపోయాడు. అయినా గ్రెనడాకు ఒకే ఒలింపిక్స్‌లో రెండు పతకాలు వచ్చాయి. జావెలిన్‌లో పీటర్స్, పది పోటీలు కలిపి ఆడే డెకథ్లాన్‌లో లిండన్ విక్టర్. ఇద్దరివీ కిరానీ పోటీకి వేరైనవే. ఈ పీటర్సే 2022 ప్రపంచ పోటీల్లో 90.54 విసిరి మన నీరజ్‌ను రెండో స్థానానికి నెట్టాడు.

వీళ్లు ఎలా తయారయ్యారో చూస్తే కథ సాదాగానే ఉంటుంది. బడిలో పరుగు పందేలు. అక్కడ మెరిసినవాళ్లకు కరీబియన్ దీవులన్నీ కలిసి 1972 నుంచి కుర్రకారుకు పెడుతున్న కారిఫ్టా పోటీలు. వాటి మీద అమెరికా కాలేజీ కోచ్‌ల కన్ను ఎప్పుడూ ఉంటుంది. కిరానీ అలబామా, పీటర్స్ మిసిసిపి స్టేట్, విక్టర్ టెక్సస్ ఎ అండ్ ఎం. తిండి, ట్రాక్, జిమ్, ఫిజియో ఖర్చంతా అమెరికా కాలేజీది, జెర్సీ గ్రెనడాది. పైగా అర్హత ప్రమాణాలు అందుకోలేని దేశానికి కూడా అథ్లెటిక్స్‌లో ఒకరిని పంపే వీలుంటుంది కాబట్టి, తలుపు పూర్తిగా మూసుకోదు.

ఈ దారిలోనూ ముళ్లున్నాయి. పారిస్‌లోనే ఆడవాళ్ల 100 మీటర్లు 10.72లో గెలిచి సెయింట్ లూసియాకు తొలి పతకం తెచ్చిన జూలియన్ ఆల్‌ఫ్రెడ్‌ను చూడండి. 12 ఏళ్లకు తండ్రి పోయాడు. 14 ఏళ్లకు ఒక్కతే జమైకా బడికి వెళ్లింది, అక్కణ్నుంచి టెక్సస్. ఆ దీవిలో పెద్ద స్టేడియం ఉంది. కానీ 2009లో పక్కనున్న ఆస్పత్రి కాలిపోతే రోగుల్ని అందులోకి తరలించారు, ఏళ్ల తరబడి అదే ఆస్పత్రి అయింది. గెలిచిన రాత్రి ఆమె విలేకరుల ముందు చెప్పినవాటిలో ఇదీ ఉంది: బూట్లు లేకుండా, స్కూలు యూనిఫాంలోనే పరిగెత్తి పెరిగాను, మా స్టేడియం ఇంకా బాగుపడలేదు అని. అంత చిన్నపిల్లను వంటరిగా ఇల్లు దాటించే పద్ధతికి నేను చప్పట్లు కొట్టలేను. గెలిచిన జూలియన్ పేరు మనకు తెలిసింది. అలా వెళ్లి మధ్యలో ఆగిపోయినవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు.

మూడో దారి గురించి తక్కువలో చెప్తాను. సిడ్నీ 2000లో మన మల్లీశ్వరి 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచిన ఆ వెయిట్‌లిఫ్టింగ్‌లోనే, మగవాళ్ల 105 కిలోల కాంస్యం కతార్‌ది. ఎత్తినవాడి అసలు పేరు ఏంజెల్ పోపోవ్, బల్గేరియా మనిషి. పాస్‌పోర్టుతోపాటు పేరు కూడా సయీద్ సైఫ్ అసద్‌గా మార్చుకుని దిగాడు. బహ్రెయిన్ ఇదే పని పెద్ద ఎత్తున చేసింది. 2008లో మొరాకో నుంచి వచ్చిన రషీద్ రమ్జీ 1500 మీటర్ల స్వర్ణం డోపింగ్‌తో పోయింది. 2016లో కెన్యాలో పుట్టిన రూత్ జెబెట్ స్టీపుల్‌చేజ్‌లో (అడ్డుకర్రలు, నీటిగుంటలు దూకుతూ పరిగెత్తే పందెం) స్వర్ణం గెలిచింది, తర్వాత ఆమె మీదా డోపింగ్ నిషేధం పడింది. పారిస్‌లో విన్‌ఫ్రెడ్ యావీ మళ్లీ అదే పోటీలో బహ్రెయిన్‌కే స్వర్ణం తెచ్చింది, ఆమె కూడా కెన్యా పిల్లే. పతకాల పట్టికలో వరస బాగానే కనబడుతుంది, కానీ బహ్రెయిన్ రాజధాని మనామా వీధుల్లో స్టీపుల్‌చేజ్ ఆడే పిల్లలు పుట్టుకొచ్చినట్టు నేనెక్కడా చదవలేదు. అథ్లెటిక్స్ సంఘం కూడా విసిగిపోయి 2017లో ఈ దేశ మార్పిళ్లను ఆపేసి, తర్వాత మూడేళ్ల నిరీక్షణ పెట్టింది.

అలాగని బయటినుంచి వచ్చిన ప్రతివాణ్నీ ఒకే గాటన కట్టను. టోక్యోలో మన దీపక్ పునియా కుస్తీ కాంస్యం బౌట్ గుర్తుందా? 2-1తో ముందున్నాడు, ఇంకో పది సెకన్లు కాచుకుంటే చాలు. అంతలో అవతలివాడు కాలు పట్టేశాడు, మనవాళ్ల చాలెంజ్ కూడా పోయి 4-2 అయింది. అవతలివాడు మైల్స్ అమీన్, పుట్టి పెరిగింది అమెరికాలోని మిషిగన్‌లో, అమ్మ తరఫు పెద్దల ఊరు శాన్ మారినో. 34 వేల జనమున్న దేశం అది. అయిదుగురిని పంపి మూడు పతకాలు పట్టుకెళ్లింది. మిగతా రెండూ గాల్లోకి ఎగిరే పలకల్ని తుపాకీతో గురి చూసి కొట్టే ట్రాప్‌లో. ఆ షూటర్ అలెస్సాండ్రా పెరిల్లి 2012 లండన్‌లో ముగ్గురు సమానంగా నిలిచిన షూటాఫ్‌లో ఓడి నాలుగో స్థానంతో ఏడుస్తూ వెళ్లింది. తొమ్మిదేళ్లు ఆగి టోక్యోలో కాంస్యం కొట్టింది, ఆపైన మిక్స్‌డ్‌లో రజతం. తుపాకీ, తూటాల ఖర్చు భరించగలిగి, పోటీకి వచ్చేవాళ్లు తక్కువున్న ఆటను ఎంచుకోవడం చిన్న దేశానికి తెలివైన పనే.

మరి ఏది మేలు? లక్ష, రెండు లక్షల జనమున్న దీవికి నేను గ్రెనడా దారే చెప్తాను, పిల్లలు కాస్త పెద్దయ్యాక పంపాలన్న షరతు మీద. 2012 నుంచి అయిదు పతకాలు, ముగ్గురు వేర్వేరు మనుషులు, మూడు వేర్వేరు పోటీలు. ఒకడు జారినా ఇంకొకడు నిలబడ్డాడు. ఫిజీ దారి చూడముచ్చటగా ఉంటుంది గానీ, ఊరూరా పిల్లలు ముందునుంచే ఆడుతున్న ఆట ఉంటేనే అది పనికొస్తుంది. ఆఫీసు కాగితం మీద రాసి పుట్టించేది కాదు. గ్రెనడా రాజధాని సెయింట్ జార్జెస్‌లోని అథ్లెటిక్ స్టేడియానికి ఇప్పుడు కిరానీ జేమ్స్ పేరే పెట్టారు. సెయింట్ లూసియాలో జూలియన్ అడిగింది కూడా పరిగెత్తడానికి అలాంటి చోటే.