హెరాయిన్ మానడానికి మెథడోనా, బ్యూప్రెనార్ఫినా?

హెరాయిన్‌కో, మార్ఫిన్ లాంటి నొప్పి మందులకో అలవాటుపడ్డవారి ఇళ్లవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగేది ఈ రెండు మందుల్లో ఏది మంచిదనే. వెంటనే ఇంకో మాట కూడా అంటారు: "అసలు మందే లేకుండా మానేస్తే సరిపోదా?" ముందు దీనికే జవాబు చెప్తాను. ప్రాణాలు ఎక్కువగా పోయేది ఇక్కడే.

వాడకం ఆపిన కొద్ది వారాల్లోనే ఒంటికి ఆ మత్తును తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. తీసుకోవాలన్న కోరిక మాత్రం అలాగే ఉంటుంది. ఆ స్థితిలో ఒక్కసారి పాత మోతాదు తీసుకున్నా ఊపిరి ఆగిపోవచ్చు. డీటాక్స్ (ఒంట్లోంచి మత్తును వదిలించే చికిత్స) నుంచో జైలు నుంచో బయటికొచ్చిన తొలి వారాల్లో ఓవర్‌డోస్ చావులు ఎక్కువ కావడానికి కారణం ఇదే. కొడుకు పూర్తిగా మానేశాడని సంబరపడే తల్లికి ఈ మాట చెప్పడం చాలా కష్టం. అయినా చెప్పి తీరాలి. అందుకే నా దృష్టిలో మనిషిని చికిత్సలో ఎక్కువ కాలం నిలిపేదే మంచి మందు.

ఆ లెక్కన మెథడోన్‌ది కొంచెం పైచేయి. 1960ల్లో న్యూయార్క్‌లో విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్ అనే డాక్టర్లు దీన్ని హెరాయిన్ చికిత్సలోకి తెచ్చారు. బాగా ముదిరిన అలవాటు ఉన్నవాళ్లు కూడా దీనిమీద నిలబడతారు. కానీ ఇది ఒంట్లో మెల్లగా పేరుకుంటుంది. మొదటి రెండు వారాలు మోతాదు తొందరపడి పెంచితే ప్రాణం మీదికొస్తుంది. గుండె లయ మీదా ఓ కన్నేసి ఉంచాలి.

హెరాయిన్, మెథడోన్ మెదడులో ఏ గ్రాహకాలకు (మందు అతుక్కునే చోట్లకు) పట్టుకుంటాయో బ్యూప్రెనార్ఫిన్ కూడా వాటిమీదే పనిచేస్తుంది, కానీ సగమే. ఒక హద్దు దాటాక మోతాదు పెంచినా ఊపిరి అంతకంటే పెద్దగా మందగించదు. మద్యంతోనో నిద్రమాత్రలతోనో కలిపితే మాత్రం ఆ రక్షణను నమ్ముకోకూడదు. దీనితో అసలు చిక్కు మొదలుపెట్టేటప్పుడే. ఒంట్లో హెరాయిన్ ఇంకా ఉండగా ఇస్తే ఒక్కసారిగా విత్‌డ్రాయల్ (మత్తు అందక ఒళ్లు పడే బాధ) విరుచుకుపడుతుంది. అది చూసి బెదిరి చికిత్సే వదిలేసేవాళ్లుంటారు. చెమటలు, ఆవులింతలు, ఒళ్లునొప్పులు బాగా మొదలయ్యాకే తొలి మోతాదు ఇవ్వాలి.

నాల్‌ట్రెక్సోన్ మూడోది. ఇది మత్తు ఇవ్వదు, హెరాయిన్ లాంటివి పనిచేయకుండా అడ్డుకుంటుంది. మొదలుపెట్టాలంటే అంతకుముందు కనీసం వారం, పది రోజులు పూర్తిగా మానేసి ఉండాలి. చాలామంది అక్కడే ఆగిపోతారు.

నేనైతే బ్యూప్రెనార్ఫిన్‌తోనే మొదలుపెట్టమంటాను. సరైన మోతాదు ఇచ్చినా కోరిక చావకపోతే, ఓడిపోయామనుకోకుండా మెథడోన్‌కి మారాలి. "ఒక మత్తు పోయి ఇంకో మత్తు వచ్చిందిగా" అనే చుట్టాల మాట పట్టించుకోవద్దు. మోతాదు కుదిరాక మనిషి తూలడు, పనికి వెళ్తాడు, ఇల్లు చూసుకుంటాడు. ఆరు నెలలకే ఆపించాలన్న తొందరా వద్దు, కొందరికి ఏళ్లు పడుతుంది.

ఓవర్‌డోస్ అయినప్పుడు ఊపిరి తిరిగి తెప్పించే నాలోక్సోన్ స్ప్రే ఇంట్లో దగ్గర పెట్టుకోండి. ఈ మందులు పిల్లల చేతికి అందకుండా తాళం వేసి ఉంచండి. పెద్దవాళ్లు రోజూ తీసుకునే ఒక్క మెథడోన్ మోతాదు చాలు, చిన్నపిల్లల ప్రాణం తీయడానికి.